బొటనవ్రేలంత సిపాయి

బల్లమీద ఆడు యుద్ధక్రీడకు సిపాయి ముఖముతో పని లేదు. ఈ మాటను మొదటనే చెప్పుకొనుట మంచిది. ఏలయన, ఈ వ్యాసమంతయు ఆ పనిలేని ముఖమును గూర్చినదే.

1824 వ సంవత్సరమున ప్రష్యా దేశపు ఫిరంగిదళమునకు చెందిన రైస్విట్జ్ అను యువకాధికారి, తన తండ్రి పండ్రెండేండ్లకు పూర్వము వెలువరించిన యుద్ధక్రీడను చక్కదిద్ది ఆ దేశపు సేనాపతులకు చూపెను. అందులకు కావలసిన సామగ్రి స్వల్పము. కొలతలతో గీచిన పటము, పాచికలు, నియమములు వ్రాసిన పుస్తకము, చిన్నచిన్న దిమ్మెలు. ఒక పక్షమునవి ఎఱ్ఱనివి, రెండవ పక్షమునవి నీలివి. ఒక్కొక్క దిమ్మె ఒక్కొక్క దళము. దానికి కన్నులు లేవు, కాళ్ళు లేవు, తుపాకి లేదు. ఆ దిమ్మెలతోనే ప్రష్యా అధికారులు దశాబ్దముల పాటు యుద్ధవిద్య నభ్యసించిరి. ఎవడెక్కడ నున్నాడు, ఎంత దూరము నడువగలడు, ఎందరున్నారు అను మూడు సంగతులు తెలిసినచో ఆట నడచును. నాలుగవది అక్కఱలేదు.

అట్లయినచో ఇంగ్లండులోను, అమెరికాలోను, ఇంకను అనేక దేశములలోను ఉద్యోగములు చేసికొను పెద్దమనుష్యులు రాత్రి భోజనమైన పిమ్మట దీపము క్రింద కూర్చుండి, భూతద్దము ముందు పెట్టుకొని, అంగుళమున్న సీసపు మనుష్యుని కనుబొమ్మ దిద్దుచు ఏల శ్రమపడుచున్నారు? ఆట కొఱకని వారు చెప్పుదురు. ఆ సమాధానము సగమే నిజము.

ఈ క్రీడ నెఱుగని చదువరుల కొఱకు రెండు మాటలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లపై గుట్టలు, తోపులు, ఇండ్లు, కంచెలు అమర్చుదురు. ఇరుపక్షములవారును తమ సైన్యములను నిలిపి, కొలబద్ద పట్టుకొని ఇన్ని అంగుళములని నడపుదురు. తుపాకి పేల్చినచో గుండు తగిలినదా లేదా అనునది పాచిక తేల్చును. పడినవానిని తీసి బల్ల అంచున పెట్టుదురు. వారము దినములు చెక్కి దిద్దిన వీరుడు మొదటి పందెమునకే అంచునకు చేరుట నిత్యానుభవము. క్రొత్తగా రంగువేసిన దళము తొలి ఆటలో తప్పక చిత్తగునని ఆటగాండ్రలో ఒక నమ్మకము కూడ కలదు. వారు దానిని నవ్వుచు చెప్పుదురు గాని, పూర్తిగా నవ్వులాటకు కాదు.

బొమ్మకు ముఖము వచ్చిన చరిత్రలో 1893 ముఖ్యమైన సంవత్సరము. అంతవరకు సీసపు సిపాయిల వర్తకము జర్మనీ వారిది. ఆ యేట లండనులోని విలియం బ్రిటన్ కుటుంబము వారు ఒక చిన్న యుక్తి కనిపెట్టిరి. కరగిన లోహమును అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే లోపలి ద్రవమును వెలికి వంచివేయుదురు. బొమ్మ బోలుగా వచ్చును. సీసము తగ్గెను, బరువు తగ్గెను, వెల తగ్గెను. 54 మిల్లీమీటర్ల ఎత్తున్న ఆ సిపాయిలు ఎఱ్ఱపెట్టెలలో వేలకు వేలు అమ్ముడుపోయిరి. వీరికి రంగులు వేసినవారు స్త్రీలు. కొందఱు కర్మాగారములో, కొందఱు తమ యిండ్లలో, బొమ్మకింత అను కూలికి. గులాబిరంగు ముఖము, రెండు నల్ల చుక్కలు కన్నులు, ఎఱ్ఱకోటు, అంతటితో సరి. తరువాతి బొమ్మ. ఈ పనిలో ఒక నిమిషము అధికముగా గడపిన స్త్రీకి ఆ నిమిషము నష్టము. నేడు అదే పనిని వినోదముగా ఎంచి ఒక్క ముఖముపై ఒక సాయంకాలము ఖర్చుచేయు మనుష్యుని చూచినపుడు ఆ స్త్రీలు గుర్తునకు రాక మానరు. వారి పేర్లు ఏ పెట్టెమీదను లేవు.

ఆ బొమ్మలతో పెద్దవారాడదగిన ఆటను కూర్చినవాడు నవలాకారుడు హెచ్. జి. వెల్స్. ఆయన “లిటిల్ వార్స్” 1913 లో వెలువడినది. వెల్సు ఆట నేలమీద సాగెను. పాచికలకు బదులు తీగచుట్ట బలముతో పేలు బొమ్మఫిరంగి నుండి నిజముగనే గుండు వచ్చి సిపాయిని పడగొట్టును. ఈ చిన్నయుద్ధమును నాలుగు మారులాడినచో పెద్దయుద్ధమెంత తెలివిమాలిన పనియో బోధపడునని ఆయన వాదించెను. మఱుసటి యేడే ఐరోపా అంటుకొనినది. అదే వెల్సు 1914 లో, యుద్ధమనునదే లేకుండ చేయు యుద్ధమిదియని వ్యాసములు వ్రాసెను. బొమ్మలాట వలన యుద్ధములు ఆగునని నేను నమ్మను. దాని వలననే యుద్ధములు వచ్చుననియు నమ్మను. ఈ రెండు వాదములును బొమ్మను సరిగా చూడనివారు చేయునవి.

వెల్సు తన సిపాయిలను అంగడి నుండి వచ్చినట్లే ఆడించెను. కాని బోలుబొమ్మకు మెడ బలహీనము. తల విఱుగుట సామాన్యము. ఇంగ్లీషు బాలురు విఱిగిన తలను పారవేయలేదు. మెడ లోపల బోలు గనుక ఒక అగ్గిపుల్ల ముక్కను అందులో దూర్చి, దానిపై తలను తిరిగి నిలిపిరి. అట్లు నిలుపునపుడు ఎవనికో ఒకనికి ఈ తలయే ఏల, వేఱొకని తల పెట్టరాదా అను ఊహ పుట్టియుండును. దక్షునికి మేకతలయు, విఘ్నేశ్వరునికి ఏనుగుతలయు అతికిన పురాణములు విన్న మనకు ఇది క్రొత్త శస్త్రచికిత్స కాదు. ఆ అగ్గిపుల్లతోనే బొమ్మను మార్చువిద్య మొదలైనదని చెప్పవచ్చును.

1959 లో ఎయిర్‌ఫిక్స్ అను ఇంగ్లీషు సంస్థ మెత్తని ప్లాస్టిక్కుతో అంగుళము కంటెను చిన్న సిపాయిలను పెట్టెలలో అమ్మసాగినది. పేదవాడును ఒక సైన్యమును కొనగలిగిన కాలమది. కాని పెట్టెలు కొన్ని, చరిత్రలో సైన్యములు కొల్లలు. నెపోలియను కాలపు సిపాయి కావలసినవానికి అమెరికా అంతర్యుద్ధపు సిపాయి మాత్రమే దొరకెను. అతడు చాకు తీసికొనెను. టోపీ అంచు కోసి, పైన కాగితపు గొట్టము చుట్టి, కోటుతోకను చెక్కి, గుండుసూదితో చేతిని వేఱుగా త్రిప్పి అతికి, అమెరికావానిని ఫ్రెంచివానిగా మార్చెను. ఆ ప్లాస్టిక్కు మైనము వలె జిడ్డుది. వేసిన రంగు రెండు ఆటలకు పొరలు పొరలుగా లేచిపోవును. సబ్బుతో కడిగి, పలుచని జిగురుపూత వేసి, దానిపై రంగు వేయు ఉపాయమును ఒకరి కొకరు చెప్పుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధములో ట్యాంకు దళమున పనిచేసి వచ్చిన డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962 లో ప్రచురించిన “వార్ గేమ్స్” అను గ్రంథము ఈ చెదరిన మనుష్యులను ఒక సమాజముగా చేర్చినది. నిజమైన యుద్ధమును చూచిన మనుష్యుడు బొమ్మయుద్ధమునకు పెద్దదిక్కైనాడు. ఆయన 2013 లో మరణించెను.

ఇక పని యెట్లు జరుగునో చూతము. బొమ్మను మొదట శుభ్రపఱుపవలెను. అచ్చు రెండు భాగములు కలిసినచోట సన్నని గీత మిగులును. అది చెంపమీదుగా పోయినచో రంగువేసిన పిమ్మట కత్తిగాటు వలె కనబడును. దానిని ఆకురాయితో నెమ్మదిగా అరగదీయుదురు. సబ్బునీట కడిగి, సీసా బిరడాపై నిలిపి, అడుగుపూత వేయుదురు. ఈ అడుగుపూత తెల్లనిదై యుండవలెనా నల్లనిదై యుండవలెనా అను విషయమున అక్కడ జరుగు వాదములు మన గ్రాంథిక వ్యావహారిక వాదములకు తీసిపోవు. తెల్లపూతపై ఎఱుపు వెలుగును. నల్లపూతపై మడతలలోని నీడ తనంత తానే నిలుచును. రెండును నిజమే గనుక వాదమునకు అంతు లేదు.

ఈ విద్యలోని రహస్యమంతయు నీడలో నున్నది. సూర్యుడు ఆరడుగుల మనుష్యుని కోటుమడతలకు నీడ నిచ్చును. అంగుళము మనుష్యుని మడతకు ఆ లోతు లేదు. కావున వెలుగు దానిని గుర్తింపదు. ఒకే ఎఱుపు పూసి వదలినచో సిపాయి లక్కముద్ద వలె నుండును. అందుచేత చిత్రకారుడే సూర్యుడు కావలెను. ముదురురంగు నీళ్ళ వలె పలుచన చేసి మడతలలోనికి జారవిడుచును. ఆరిన పిమ్మట మిట్టలపై అసలు రంగు, భుజము కొసలపై ఇంకను లేతరంగు. వెలుగు సర్వత్ర పైనుండియే వచ్చుచున్నట్లు భావింపవలెను. ఒక్క సిపాయిని ప్రక్కనుండి వెలిగించినచో వరుస వరుసయంతయు అబద్ధమగును.

కన్నుల మాట వేఱు. మొదట కంటిగుంటలో నలుపు, దానిపై బియ్యపుగింజలో పదియవ వంతు తెలుపు, నడుమ చుక్క. ఊపిరి బిగపట్టి పెట్టు చుక్క అది. చేయి వణికినచో సిపాయికి మెల్లకన్ను. అనుభవశాలురు కొందఱు అసలు తెల్లగ్రుడ్డే వలదందురు. దూరముగా నిలిచిన మనుష్యుని కంటిలో తెలుపు మనకు కనబడదు, నీడ మాత్రమే కనబడును గదా అనునది వారి తర్కము. నాకును ఇదియే నచ్చినది. కన్నులు విప్పార్చిన సైన్యము బల్లమీద భయపడి పాఱిపోవుచున్నట్లుండును.

కుంచె మొనను పెదవులతో సవరించుకొను అలవాటు ఈ పనివారిలో చాలమందికి కలదు. సీసపు బొమ్మల దినములలో ఇది మంచిది కాదు. 1993 లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున సీసపు బొమ్మలపై శాసనము వచ్చు సూచన కనబడగా, సిన్సినాటి నగరపు రాల్ పార్థా సంస్థ సీసము లేని మిశ్రలోహమునకు మాఱినది. నేడు తగరము ప్రధానముగా గల లోహమును, గట్టి ప్లాస్టిక్కును వాడుక.

బొమ్మను మార్చుటకు ఇప్పుడు అగ్గిపుల్ల పోయి సన్నని ఇత్తడితీగ వచ్చినది. చేతిని రంపముతో కోసి, రెండు కొసలను చిన్న బరమాతో తొలిచి, తీగ గ్రుచ్చి, క్రొత్త వంపులో నిలుపుదురు. నడుమ మిగిలిన సందును లప్పముతో పూడ్చుదురు. ఈ లప్పము రెండు ముద్దలు. ఒకటి నీలము, ఒకటి పసుపు. కలిపి పిసికినచో పచ్చనిదై, కొన్ని గంటలలో రాయివలె గట్టిపడును. ఆలోపల తడిపిన ఉక్కుపుల్లతో దానిని చొక్కాచేతిగానో, తలపాగాచుట్టుగానో, భుజముపై కంబళిగానో తీర్చవలెను. మన కొండపల్లి పనివారు పొణికికఱ్ఱతో చేసిన తలను, చేతులను మొండెమునకు చింతపిక్కల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సుద్దపూత వేసి, పిమ్మట రంగులు దిద్దుదురు. దేశములు వేఱైనను, ముక్కలుగా చేయుట, అతుకుట, తెల్లపఱచుట, రంగువేయుట అను వరుస ఒక్కటే. కొండపల్లివానికది జీవనము, ఇంగ్లీషువానికది విరామము. అంతియే భేదము. అది చిన్న భేదము కాదు.

మూలరూపమును చెక్కు శిల్పి లేనిదే ఈ మార్పులకు ఆధారమే లేదు. తీగపై లప్పమును అద్ది చెక్కిన ఒక్క బొమ్మ నుండి అచ్చు, అచ్చు నుండి వేలు. ఈ శిల్పులలో ఇంగ్లండుకు చెందిన అలన్ పెర్రీ, మైఖేల్ పెర్రీ అను కవలసోదరులు సుప్రసిద్ధులు. 1996 లో ఫ్రాన్సులోని క్రేసీ వద్ద ప్రాచీనయుద్ధమును అభినయించు ఉత్సవములో ఫిరంగి పేల్చుచు మైఖేల్ కుడిచేతిని పోగొట్టుకొనెను. బొమ్మ చెక్కువానికి కుడిచేయి యనగా గాయకునికి కంఠము. ఆయన ఎడమచేతితో మఱల మొదటినుండి చెక్కుట నేర్చెను. నేర్చి, వెనుకటి వలెనే వందలకొలది సిపాయిలను చెక్కెను. ఆ బొమ్మలను చూచి ఇది కుడిచేతిది, ఇది ఎడమచేతిదియని విభజింప ప్రయత్నించుట వ్యర్థము. నిజమైన తుపాకిమందు ఏమి చేయునో ఆయన కెవరును చెప్పనక్కఱలేదు. అయినను ఆయన సిపాయిలనే చెక్కెను.

ఇంతవరకు ఇది పరాయివారి వినోదముగా తోచవచ్చును. కాని ఆ బల్లలపై మనవారును ఉన్నారు. 1803 సెప్టెంబరు 23 న అస్సాయే వద్ద ఆర్థర్ వెల్లస్లీ మరాఠా సైన్యముతో పోరినపుడు ఆయన పదాతులలో రెండు స్కాట్లండు దళములు తప్ప తక్కినవన్నియు మద్రాసు దళములే. మద్రాసు సైన్యములో ఉత్తర సర్కారుల నుండి, కర్ణాటక ప్రాంతము నుండి చేరిన తెలుగువారు అనేకులు. ఉత్తరదేశమున కుంఫిణీ సిపాయికి ‘తిలంగా’ అను పేరే నిలిచిపోయినది. అది మన తెలంగు శబ్దమే. బ్రిటన్ సంస్థ కూడ గతశతాబ్దికి ముందే మద్రాసు పదాతుల పేర ఒక పెట్టెను అమ్మినది. అస్సాయే యుద్ధమును ఆడువారు నేటికిని కలరు. వారికి తిలంగాలు కావలెను. కొన్ని చిన్న సంస్థలు ఆ బొమ్మలు పోయుచున్నను, కావలసిన భంగిమ దొరకనపుడు వేఱొక బొమ్మను కోయక తప్పదు.

అపుడు తెలియును తిలంగాను చేయుట యెంత కష్టమో. కోటు ఎఱ్ఱనిదే, ఇంగ్లీషువానిదే, అందులో చిక్కులేదు. కాని మోకాళ్ళ పైకి నిలుచు తెల్లని లాగు, దాని అంచున నీలిరేఖ, వట్టి పిక్కలు, కాళ్ళకు చెప్పులు, తలపై చట్రముమీద చుట్టిన ఎత్తైన నీలి తలపాగా. ప్యాంటు తొడిగిన కాలిని చెక్కి పిక్కను తీయవలెను. బూటును కోసి వ్రేళ్ళను తేవలెను. ఇది మూడు రాత్రుల పని.

చివరకు ముఖము. హంబ్రోల్ అను ఇంగ్లీషు సంస్థవారి 61 వ సంఖ్య రంగుడబ్బీపై దేహచ్ఛాయ అను పేరుండును. డబ్బీ మూత తీసినచో లోపల నున్నది లేత గులాబి. అనేక సంవత్సరములు దేహచ్ఛాయ యనగా ఆ గులాబియే. డబ్బీకి పేరుపెట్టినవాడు ద్వేషముతో పెట్టి యుండడు. తన ముంజేతిని చూచుకొని పెట్టియుండును. కాని తిలంగాకు ఆ డబ్బీలో ముఖము లేదు. చిత్రకారుడు తానే కలుపుకొనవలెను. గోధుమవన్నెకు వెలుగు తేవలెనన్న ఆశతో తెలుపు కలిపినవాడు చెడును. ముఖము బూడిద పూసినట్లగును. తెలుపునకు మాఱుగా పసుపుమన్ను రంగు కలుపవలెను. నీడకు నలుపు కాదు, ఎఱ్ఱని ముదురుగోధుమ. చెక్కిలి ఎముకపై, ముక్కుదూలముపై చిన్న మెఱుపు. ఎండలో చెమటపట్టిన ముఖము గనుక. మీసము అందఱికి ఒకటే కారాదు. ఒకనికి చివరలు పైకి, ఒకనికి క్రిందికి, ఒక ముసలి హవల్దారుకు నెఱసినది. రంగు కూడ ఒకటే కారాదు. ఒకే ఊరి మనుష్యులలోనైనను చామనచాయలు పది యుండును గదా.

దండుకు ఏకరూపము కావలెను. కోటు, తలపాగా, తుపాకి పట్టు, అడుగు వేయు తీరు ఒకటిగానుండుటకే కవాతు. కుంఫిణీ లెక్కలలో ఆ సిపాయి ఒక సంఖ్య. పాచికకును అతడు సంఖ్యయే. రైస్విట్జ్ దిమ్మెకు అతడు సంఖ్య కూడ కాదు, సంఖ్యలో భాగము. అస్సాయేలో చచ్చిన మద్రాసు సిపాయిలలో మనకు ముఖము తెలిసినవాడు ఎవడును లేడు. బల్లముందు కూర్చుండిన మనుష్యుడు మాత్రము ఇరువది నలుగురిని వరుసగా పేర్చుకొని, ఒక్కొక్కనిని చేతికెత్తుకొని, వీనికి మీసమెట్లుండవలెనని ఆలోచించుచున్నాడు. ఆటకు ఈ ఆలోచనతో నిమిత్తము లేదు. మూడడుగుల దూరమునుండి ఎదుటివానికి అది కనబడదు కూడ.

డబ్బిచ్చి ఈ పని చేయించుకొనువారును లేకపోలేదు. శ్రీలంకలో కూలికి రంగులువేసి పడమటి దేశములకు పంపు పనివారు కలరు. వారి పని చక్కనిది. బ్రిటన్ వారి స్త్రీల నాటి బొమ్మకింత అను లెక్క సముద్రము దాటి మన ప్రక్కకు వచ్చినదన్న మాట. ఇంగ్లండులో కొన్న ఎఱ్ఱకోటు సిపాయి కొలంబోలో ముఖము పొంది తిరిగి ఇంగ్లండులో యుద్ధమునకు పోవును. ఆ చిత్రకారునికి గోధుమవన్నె కలుపుట ఎవరును నేర్పనక్కఱలేదని మాత్రము అనుకొందును.

రంగు ముగిసిన పిమ్మట వార్నీషు. మొదట మెఱపుపూత, అది గట్టిది. దానిపై మెఱుపు తీసివేయు పూత. లేనిచో వ్రేళ్ళ రాపిడికి ముక్కుకొన మొదట తెల్లబడును. తరువాత సిపాయి నిలుచు పీఠము. ఇక్కడ చాలమంది పొరపడుదురు. ఇసుక అంటించి, ఆకుపచ్చని పొట్టు చల్లి, ఇంగ్లండు పచ్చికబయలుపై తిలంగాను నిలుపుదురు. అస్సాయే ఉన్నది నల్లరేగడి సీమలో. పీఠమునకు ముదురు నలుపుగోధుమ పూసి, మిట్టలపై బూడిదవన్నెను పొడికుంచెతో తాకించి, అక్కడక్కడ ఎండుగడ్డి మాత్రమే అంటింపవలెను. వట్టి పిక్కలపైని, చెప్పుల అంచులపైని అదే మట్టిరంగు కొంచెము ఎక్కించినచో మనుష్యుడు నేలమీద నిలిచినట్లుండును. పీఠము అడుగుభాగమున దళము పేరు, సంవత్సరము, చిత్రకారుని పేరు సన్నగా వ్రాసికొను అలవాటు కలదు.